రెండు స్తంభాలు పరుగు, ఒక స్తంభం నడక

పెళ్ళయిన ఆడదానికి స్నేహితులుంటారా? "ఉండకేం, బోలెడంతమంది!" అంటారు మీరు. ఒక్కసారి తీరిగ్గా కూర్చుని వేళ్ళ మీద లెక్కపెట్టి చూడండి. నేను పెట్టాను. మావారి ఆఫీసు వాళ్ళ భార్యలు ఆరుగురు. మా అబ్బాయి స్కూలు గేటు ముందు ఎండలో నిలబడి పరిచయమైన తల్లులు నలుగురు. అపార్టుమెంటులో పేరంటాలకి పిలుచుకునే ఇళ్ళు పది. ఇక అటు చుట్టాలు, ఇటు చుట్టాలు సరేసరి. అందరూ మంచివాళ్ళే. కష్టమొస్తే వచ్చి నిలబడేవాళ్ళే, కాదనను. కానీ వీళ్ళలో ఒక్కరు కూడా నన్ను చూసి పరిచయం చేసుకున్నవాళ్ళు కారు. మావారిని చూసో, పిల్లల్ని చూసో, ఫ్లాటు నంబరు చూసో చేసుకున్నవాళ్ళు. అబ్బాయి పదో తరగతి అయిపోయింది, ఆ నలుగురు తల్లులూ నా జీవితంలోంచి టీసీతో పాటు వెళ్ళిపోయారు!

చిన్నప్పుడు అలా కాదు కదా. తణుకులో ఇంటర్ చదివేటప్పుడు మేం ముగ్గురం ఒకే జడబిళ్ళలు, ఒకే రంగు ఓణీలు. పెళ్ళిళ్ళయ్యాక కొన్నాళ్ళు ఇన్‌లాండ్ కవర్లు నడిచాయి. తర్వాత పురుళ్ళు, పాలడబ్బాలు, టీకాలు. ఒకామె కువైట్ వెళ్ళిందని విన్నాను. ఇంకో ఆమె ఎక్కడుందో తెలియదు. స్నేహాలు చదువుకునే వయసుకి చెందినవి, పావడాలు బిగుతయినట్టు అవీ బిగుతయిపోతాయి అని సరిపెట్టుకున్నాను.

2022లో మా ఇల్లు ఒక్కసారిగా ఖాళీ అయింది. అబ్బాయి ఉద్యోగానికి పూణె వెళ్ళాడు. అమ్మాయి ఇంజనీరింగు హాస్టలుకి కాకినాడ వెళ్ళింది. మావారిది పోర్టులో షిఫ్టు డ్యూటీ. మిగిలింది నేను, అత్తగారు, ఆవిడ సీరియళ్ళు. పొద్దున పప్పులో పోపు పెడితే ఆ చప్పుడే పెద్దగా వినపడేది ఇంట్లో. అరకేజీ వంకాయలు తెచ్చేదాన్ని పావుకేజీకి దిగాను. అదీ మర్నాటికి మిగిలేది. ఆ ఏడాది చివర్లో రక్తపరీక్ష చేయిస్తే షుగరు రాలేదు గానీ గుమ్మంలో నిలబడి ఉందని, రోజూ అరగంటయినా నడవమని డాక్టరుగారు చెప్పారు. అలా సంక్రాంతి వెళ్ళాక, 2023 జనవరిలో, పెదవాల్తేరు నుంచి బీచి రోడ్డుకి దిగడం మొదలుపెట్టాను.

విశాఖపట్నం చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను. కోస్టల్ బ్యాటరీ నుంచి పార్క్ హోటల్ దాకా సముద్రాన్ని ఆనుకుని ఉన్న రోడ్డు మీదికి తెల్లవారుజామున కొన్ని గంటల పాటు బళ్ళు రానివ్వరు. కారు లేదు, ఆటో లేదు, హారను లేదు. అంత పెద్ద రోడ్డూ మనుషులదే. కర్రలతో నడిచే తాతలు, స్కేటింగు పిల్లలు, యోగా చేసేవాళ్ళు, ఊరికే సముద్రం చూస్తూ కూర్చునేవాళ్ళు... ఒక పక్క కాళీమాత గుడి గంట, ఇంకో పక్క కెరటాలు. ముందుకు పోతే కురుసుర సబ్‌మెరైన్. సముద్రంలో తిరగాల్సింది ఒడ్డున కూర్చుని ఉంటుంది. నేవీ వాళ్ళు వాడి పక్కనపెట్టాక 2002 నుంచి అది మ్యూజియం. దాని పక్కనుంచి వెళ్తున్నప్పుడల్లా, "రిటైరయినా పాపం నిన్ను చూడ్డానికి టిక్కెట్టు కొనుక్కుని వస్తున్నారమ్మా!" అనుకునేదాన్ని.

అక్కడే ఒక రోజు ఈల వినిపించింది. పోలీసు ఈలనుకుని పక్కకి జరిగాను. చూస్తే అరవై దాటిన ఒక పెద్దావిడ. కాటన్ చుడీదారు, కాళ్ళకి తెల్ల బూట్లు, మెళ్ళో ఈల. ఆవిడ వెనక ఏడెనిమిది మంది ఆడవాళ్ళు పరుగెత్తుతున్నారు. పరుగంటే టీవీలో చూపించే పరుగు కాదు. మన ఇంట్లో పాలు పొంగుతుంటే హాల్లోంచి వంటింట్లోకి వెళ్తాం చూడండి, ఆ మాత్రం.

నేను చూస్తుండడం చూసి ఆవిడ ఆగారు. "ఏమ్మా, రోజూ ఇక్కడే నడుస్తావు కదా! ఆ కనిపించే దీపం స్తంభం దాకా మాతో వస్తావా?" అన్నారు.

"నేనా? నాకు నలభై మూడండీ!" అన్నాను.

"నాకు అరవై నాలుగు. పద!" అన్నారు.

ఆవిడ ఒకప్పుడు హైస్కూల్లో డ్రిల్లు టీచరు. రిటైరయ్యాక ఇంట్లో కూర్చోలేక బీచికొచ్చి తనలాగే నడిచే ఆడవాళ్ళని ఒక్కొక్కరినీ పోగుచేశారు. ఫీజు లేదు, రిజిస్టరు లేదు, బోర్డు లేదు. టీచరుగారి గుంపు, అంతే. వారంలో మంగళ, గురు, ఆదివారాలు. అయిదుంపావుకల్లా గుడి ఎదురుగా ఉన్న గోడ దగ్గర ఉండాలి. ఆలస్యమైతే ఆవిడ ఏమీ అనరు. ఈల వేస్తారు. అది చాలు.

పరుగు ఎలా మొదలుపెట్టాలో చెబుతాను, మీకూ పనికొస్తుంది. మొదటి నెల ఒక స్తంభం పరుగు, మూడు స్తంభాలు నడక. తర్వాత ఒకటికి రెండు. ఆ తర్వాత రెండు స్తంభాలు పరుగు, ఒక స్తంభం నడక. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో పరుగెత్తిన జెఫ్ గాలోవే అనే అమెరికా ఆయన ఇలా మధ్యమధ్య నడుస్తూ పరుగెత్తే పద్ధతిని కొత్తవాళ్ళకి నేర్పి పేరు తెచ్చుకున్నాడట. ఆయన గడియారం చూసి చేయించేవాడు, మా టీచరుగారు స్తంభాలు చూసి చేయిస్తారు. "గడియారం చూస్తే ఇంట్లో టిఫినుకి టైమవుతోందని గుర్తొస్తుంది మీకు, స్తంభమే నయం" అంటారు. ఇంకో నియమం ఏమిటంటే, పరుగెత్తుతూ పక్కవాళ్ళతో మాట్లాడగలగాలి. మాట తెగిపోతోందంటే వేగం ఎక్కువైందన్నమాట, తగ్గించాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు, బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్ళు ముందు డాక్టరుని అడక్కుండా రావద్దని ఖచ్చితంగా చెబుతారు. తిని పరుగెత్తకూడదు, అలాగని మరీ ఖాళీ కడుపుతోనూ వద్దు, ఒక అరటిపండో రెండు ఖర్జూరాలో నోట్లో వేసుకుని రమ్మంటారు.

ఇంట్లో రామాయణం సంగతి వేరే చెప్పాలా? అత్తగారు రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు, "ఇంట్లో చేసే పరుగులు చాలక రోడ్డు మీద కూడానా? ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు?" అన్నారు. మావారు పేపరు చాటునుంచి, "చీరతోనా?" అన్నారు. ఆ ఒక్క మాటే! చీరతో కాదు, అమ్మాయి వదిలేసి వెళ్ళిన పాత చుడీదార్లతో. బూట్లు మాత్రం పోపుల డబ్బా సొమ్ముతో కొన్నాను, 1,400 రూపాయలు. జీవితంలో నా కాళ్ళ మీద అంత డబ్బు పెట్టడం పెళ్ళినాటి పట్టీల తర్వాత అదే. ఆ బూట్లని నెల రోజులు చెప్పుల స్టాండులో పెట్టలేదు, బీరువా కింద దాచుకున్నాను.

గుంపులో ఎవరెవరున్నారో చెబుతాను. బ్యాంకులో మేనేజరు మేడమ్ ఒకరు. మా కింది అంతస్తులోనే ఉంటూ అయిదేళ్ళుగా నాతో లిఫ్టులో నవ్వడం తప్ప మాట్లాడని కొత్తకోడలు ఒకతి, దానికి ఇరవై ఎనిమిదేళ్ళు, ఇంకా అందరం కొత్తకోడలనే అంటాం. నేవీలో పనిచేసే ఆయన భార్య ఒకామె, హర్యానా వైపు మనిషి. "పరుగు" అన్న మాట తప్ప తెలుగు రాదు ఆవిడకి, నాకు "ఠీక్ హై" తప్ప హిందీ రాదు. అయినా ఇద్దరం ఆరు నెలలు శుభ్రంగా మాట్లాడుకున్నాం! జాలరిపేట వైపు ఇడ్లీల బండి పెట్టుకున్న ఆమె ఒకరు, మూడింటికే లేచి పిండి చూసుకుని, చట్నీ రుబ్బి, పరుగు పూర్తిచేసి ఏడింటికల్లా బండి దగ్గర ఉంటుంది. "ఏటమ్మా, నీకు పగలంతా నిలబడే పనే కదా, మళ్ళీ పరుగెందుకు?" అని ఎవరో అడిగితే, "నిలబడ్డం పనమ్మా, ఇది నాది" అంది. ఆ మాట నాకు భలే నచ్చింది.

ఇక సిస్టరు. అసలు ఈ వ్యాసం ఆవిడ గురించే.

సిస్టరంటే ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. యాభై అయిదు దాటిన మనిషి. సన్నగా, పొట్టిగా, నల్లగా, జుట్టంతా వెనక్కి దువ్వి ముడివేసుకుని ఉంటుంది. పాడేరు అవతల కొండ మీద ఊరు. ఇప్పుడది అల్లూరి సీతారామరాజు జిల్లా అయింది గానీ, 2022 దాకా మా జిల్లాలోనిదే. నర్సింగు చదవడానికి పంతొమ్మిదేళ్ళప్పుడు విశాఖ దిగి, ఇక్కడే ఉండిపోయింది. పెళ్ళి చేసుకోలేదు. తమ్ముడి పిల్లల్ని ముగ్గుర్ని చదివించింది. నైటు డ్యూటీ ఉన్న రోజుల్లో ఆసుపత్రి నుంచి తిన్నగా వచ్చేసి, బ్యాగులోంచి బూట్లు తీసి వేసుకుని పరుగెత్తి, ఆ తర్వాత ఇంటికి పోయి పడుకుంటుంది. ఎక్కువ మాట్లాడదు. కొండమీద పుట్టిన కాళ్ళు కదా, మా అందరికంటే తేలిగ్గా పరుగెత్తుతుంది, కానీ ముందుకి పోదు. ఎప్పుడూ చివర్లో ఉంటుంది. చివర్లో ఉండేదాన్ని నేను కూడా. అలా కుదిరింది జోడీ.

మామూలుగా అయితే ఆవిడా నేనూ ఎక్కడ కలుస్తాం చెప్పండి? ఆవిడ ఏ పేరంటానికీ రాదు. నేను ఆవిడ వార్డుకి వెళ్ళే అవసరం రాకూడదనే దేవుణ్ణి కోరుకుంటాను. మా ఇద్దరికీ ఊరు కలవదు, కులం కలవదు, చదువు కలవదు, రోజు గడిచే తీరు అసలే కలవదు. కలిసింది వేగం ఒక్కటే.

పక్కపక్కన పరుగెత్తడంలో ఒక సుఖం ఉంది, మీరెప్పుడైనా గమనించారో లేదో. ఒకరి మొహం ఒకరు చూసుకోనక్కర్లేదు. ఇద్దరి చూపూ రోడ్డు మీదే ఉంటుంది. ఎదురెదురుగా కూర్చుని కాఫీ తాగుతూ చెప్పలేని మాటలు అక్కడ వాటంతటవే వచ్చేస్తాయి. అమ్మాయి ఫోన్లో రెండు నిమిషాలకంటే మాట్లాడటం లేదని నాకు ఎంత గుచ్చుకుంటోందో మావారికి కూడా చెప్పలేదు, సిస్టరుకి చెప్పాను. ఆవిడ వెంటనే సలహా ఇవ్వలేదు. రెండు స్తంభాలు దాటాక, "మా వార్డులో అమ్మలు ముసలాళ్ళయ్యాక కూతుళ్ళే వస్తారు, చూస్తా ఉంటాను" అంది. అంతే. మళ్ళీ పరుగు.

ఇంకోటి. ఆ గుంపులో నన్ను పేరు పెట్టి పిలుస్తారు. ఇంట్లో "ఏమేవ్", పిల్లలకి "అమ్మా", అపార్టుమెంటులో "మూడువందల రెండు ఆంటీ". మా అమ్మ పోయాక నా పేరు పూర్తిగా పలికేది గ్యాసు బుక్ చేసినప్పుడు వచ్చే అబ్బాయి ఒక్కడే! టీచరుగారు మొదటి రోజే పేరడిగారు. మావారు ఏం చేస్తారని ఇప్పటిదాకా అడగలేదు.

2023 జులైలో ఒక ఉదయం టీచరుగారు గోడెక్కి కూర్చుని అందరికీ జిలేబీలు పంచారు. పరుగు లేదు, ఆ రోజు జిలేబీలే. బ్యాంకాక్‌లో ఆసియా పోటీల్లో మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీ 100 మీటర్ల హర్డిల్స్‌లో బంగారు పతకం కొట్టింది. తండ్రి సెక్యూరిటీ గార్డు, తల్లి ఇళ్ళలోనూ ఆసుపత్రిలోనూ పనిచేసి పెంచిన పిల్ల. మరుసటి ఏడాది పారిస్ ఒలింపిక్స్‌కి కూడా వెళ్ళింది, ఆ పందెంలో మన దేశం నుంచి ఒలింపిక్స్‌లో పరుగెత్తిన మొదటి అమ్మాయి తనే. టీచరుగారు 1984లో లాస్ ఏంజెలిస్‌లో పి.టి. ఉష సెకనులో నూరోవంతు తేడాతో కాంస్యం పోగొట్టుకున్న కబురు విని రెండు రోజులు అన్నం తినలేదట. "అప్పుడు ఏడ్చిన ఏడుపుకి ఇప్పుడు తింటున్నానే ఈ జిలేబీ" అన్నారు. ఇడ్లీల బండి ఆమె ఏకంగా ఏడ్చేసింది. తల్లి కష్టం తనకి తెలుసు కదా.

ఆ రోజుల్లోనే నాకు ఆయాసం మొదలైంది. మే నెలలో నాలుగు కిలోమీటర్లు చక్కగా వచ్చినదాన్ని, జులై నాటికి నాలుగు స్తంభాలకే గోడ పట్టుకునేదాన్ని. ఉక్కపోత అనుకున్నాం అందరం. సిస్టరు మాత్రం రెండు రోజులు నన్నే చూస్తూ పరుగెత్తింది. మూడో రోజు నన్ను గోడ మీద కూర్చోబెట్టి, కింది కనురెప్ప లాగి చూసి, గోళ్ళు చూసి, "నెలనెలా ఎక్కువ పోతోందా?" అని అడిగింది.

పోతోంది. ఏడాదిన్నరగా పోతోంది. ఎనిమిదేసి రోజులు, రాత్రుళ్ళు రెండుసార్లు దుప్పటి మార్చుకునేంతగా. నలభై దాటితే అంతేనని అమ్మ అనేది, అత్తగారూ అదే అన్నారు, మా వదినలూ అదే అన్నారు. ఇలాంటివి మనం ఎవరితో మాట్లాడతాం? మాట్లాడినా, "నాకూ అంతే" అంటారు. "నాకూ అంతే" అన్నది ఓదార్పుగా ఉంటుందే గానీ వైద్యం కాదు కదా.

మర్నాడు ఇంటికి దగ్గరలో ఉన్న ఒక ఆసుపత్రికి మావారితో వెళ్ళాను. హిమోగ్లోబిన్ 7.8. ఆడవాళ్ళకి 12 ఉండాలి. స్కానింగులో గర్భసంచిలో మూడు సెంటీమీటర్ల గడ్డ. అది క్యాన్సరు కాదు, ఫైబ్రాయిడ్ అంటారట. డాక్టరు రిపోర్టు చూసి, కళ్ళెత్తి నన్ను చూసి, "పిల్లలున్నారుగా? ఇంకెందుకు ఈ బాధ, తీసేద్దాం" అన్నారు. నాలుగు నిమిషాలు పట్టింది అంతా కలిపి. రక్తం ఎక్కించి వచ్చే సోమవారం ఆపరేషన్. మావారు డబ్బు సంగతి అడగడానికి కౌంటరు దగ్గరికి వెళ్ళారు. ఇంటికొచ్చి అత్తగారికి చెబితే, "మంచిది, పీడ వదిలిపోతుంది. మా చెల్లెలికి ముప్పై ఆరుకే తీసేశారు" అన్నారు. పుట్టింటికి ఫోను చేస్తే మా వదిన కూడా, "నేనూ తీయించేసుకున్నాగా" అంది. ఎవరికీ అది పెద్ద విషయంగా తోచలేదు. నాకు మాత్రం రాత్రంతా నిద్రలేదు. ఎందుకో చెప్పమంటే చెప్పలేను.

గురువారం పరుగుకి వెళ్ళలేదు. ఆరున్నరకి కాలింగ్ బెల్ మోగింది. గుమ్మంలో సిస్టరు! నైటు డ్యూటీ నుంచి వచ్చింది, బూట్లతో ఉంది, చేతిలో స్టీలు క్యారేజీ. మా ఇంటికి ఆవిడ రావడం అదే మొదలు. అత్తగారు ఎగాదిగా చూశారు. సిస్టరు ఆవిడకి నమస్కారం పెట్టి, తిన్నగా వంటింట్లోకి వచ్చి పీట మీద కూర్చుని, "రిపోర్టు చూపించు" అంది.

చూసింది. "ఏం మందులు వాడి చూశారు ముందు?" అంది.

"ఏమీ లేదు."

"ఏమీ వాడకుండానే తీసేద్దామన్నారా?" అని కాసేపు ఊరుకుంది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. "ఆపరేషను వద్దనటం లేదు. వద్దనడానికి నేను డాక్టర్ని కాదు. కానీ ఇంకో డాక్టరమ్మకి చూపించకుండా సోమవారం టేబులెక్కకు. నేనొస్తాను నీతో."

క్యారేజీలో ఏముందో చెప్పలేదు కదూ! చోడి అంబలి. మీరు రాగులంటారు, మా ఉత్తరాంధ్రలో చోళ్ళు. గుప్పెడు చోడి పిండి రాత్రే నీళ్ళలో కలిపి పులియబెట్టి, పొద్దున్నే మరిగే నీళ్ళలో పోసి ఉండ కట్టకుండా ఉడికించి, చల్లారాక పల్చటి మజ్జిగ, ఉప్పు, చిన్న ఉల్లిపాయ ముక్కలు కలపాలి. పక్కన పచ్చిమిరపకాయ ఉంటే ఇక ఆ రుచే వేరు. "ఇది తాగితే రక్తం పట్టేస్తుందని కాదు, మాట్లాడుతూ తాగడానికి తెచ్చాను" అంది సిస్టరు. ఆస్పత్రి మనిషి కదా, వంటింటి వైద్యాల మీద ఆవిడకి అంత భ్రమ లేదు. మా అత్తగారు కూడా ఒక గ్లాసు తీసుకున్నారు. పాడేరు వైపు పసుపు బావుంటుందట కదా అని మాట కలిపారు!

శనివారం నాడు ముగ్గురం, అంటే మావారు, నేను, సిస్టరు, ఆవిడకి తెలిసిన ఒక పెద్ద డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ ఇరవై నిమిషాలు మాట్లాడారు. గడ్డ చిన్నది, ఉన్న చోటు కూడా భయపడాల్సింది కాదన్నారు. లోపలి పొరలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు, అది మంచిగానే వచ్చింది. నెలసరి రోజుల్లో రక్తస్రావం తగ్గించే మాత్రలున్నాయి, కాపర్‌టీలా లోపల పెట్టే హార్మోను సాధనం ఉంది, ఇవేవీ పనిచేయకపోతే ఆపరేషన్ ఎలాగూ ఉంది అన్నారు. ముందు రక్తం పెరగాలని ఐరన్ సెలైన్‌లో ఎక్కించారు. ఆ తర్వాత మాత్రలు. ఐరన్ మాత్ర టీతోనూ కాఫీతోనూ వేసుకుంటే ఒంటికి సరిగ్గా పట్టదని, నిమ్మరసంతోనో ఉసిరికాయతోనో వేసుకోవాలని అక్కడే తెలిసింది. మనం అందరం మాత్రలు వేసుకునేది సరిగ్గా టీ గ్లాసుతోనే కదా! చెల్లెళ్ళూ, మీ ఇంట్లో ఐరన్ మాత్రలు వాడుతుంటే ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. మాత్రలు వాడినన్నాళ్ళూ విరోచనం నల్లగా వస్తుంది, దానికి హడలిపోకండి.

తర్వాత్తర్వాత సిస్టరు చెప్పిన లెక్కలు విని నోరు వెళ్ళబెట్టాను. 2019-21 కేంద్ర ప్రభుత్వ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ళ ఆడవాళ్ళలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత ఉందట. అంతకుముందు 2015-16 సర్వేలో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురుంటే, మన ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది. దేశంలోకెల్లా మనమే ఫస్టు, తర్వాత తెలంగాణ. అనవసరంగా ఇలా తీసేయడాన్ని అరికట్టే నిబంధనలు అన్ని రాష్ట్రాలూ అమలుచేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చిందంటే చూడండి. అవసరమైనవాళ్ళకి ఆ ఆపరేషన్ ప్రాణం నిలబెడుతుంది, అందులో సందేహం లేదు. ఇడ్లీల బండి ఆమె అక్కకి అలాగే నిలబెట్టింది. మా వదిన మాత్రం ఇప్పుడు, "నన్నెవరూ ఇన్ని ప్రశ్నలు అడగమని చెప్పలేదు" అంటుంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

రక్తం పెరిగేదాకా పరుగు వద్దన్నారు డాక్టరమ్మ. మూడు నెలలు. నాకదే పెద్ద శిక్షయింది. టీచరుగారు ఫోను చేసి, "పరుగు వద్దన్నారు గానీ రావద్దన్లేదుగా? వచ్చి గోడ మీద కూర్చో. సంచులకి కాపలా కావాలి మాకు" అన్నారు. అలా ఆగస్టు నుంచి అక్టోబరు దాకా తాళంచెవులు, సెల్‌ఫోన్లు, నీళ్ళ సీసాలు, చున్నీలు, బ్యాంకు మేడమ్ కళ్ళజోడు ఇవన్నీ ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని. తిరుగుదారిలో ఒక్కొక్కరే వచ్చి నా పక్కన కూలబడి, ఆయాసపడుతూ కబుర్లు చెప్పేవారు. హర్యానా ఆవిడకి బదిలీ వచ్చిందని మొదట తెలిసింది నాకే. కొత్తకోడలు మూడో నెలని మొదట చెప్పింది నాకే, వాళ్ళ అత్తగారికి కూడా ఆ తర్వాతే. పరుగెత్తే రోజుల్లోకంటే ఆ మూడు నెలల్లోనే వాళ్ళు నాకు ఎక్కువ దగ్గరయ్యారేమో అనిపిస్తుంది ఒక్కోసారి.

సిస్టరు మాత్రం చివరి చుట్టు పరుగెత్తేది కాదు. నాతో కూర్చునేది. "నువ్వు పరుగెత్తు సిస్టరూ, నేనిక్కడే ఉంటాగా" అంటే, "నా జోడీ కూర్చుంటే నేనెవరితో పరుగెత్తను?" అనేది. ఆ మూడు నెలల్లో ఎప్పుడో "సిస్టరు" కాస్తా "అక్క" అయింది. ఎప్పుడయిందో నాకూ గుర్తులేదు.

డిసెంబరులో హిమోగ్లోబిన్ 11.2కి వచ్చింది. రక్తస్రావం అయిదు రోజులకి తగ్గింది. ఇప్పటికీ ఆరు నెలలకోసారి స్కానింగు చేయిస్తున్నాను. గడ్డ అక్కడే ఉంది, పెరగలేదు. ముందు ముందు ఏమవుతుందో చూడాలి. మళ్ళీ ఒక స్తంభం పరుగు, మూడు స్తంభాలు నడక దగ్గర్నుంచి మొదలుపెట్టాను. ఆ మరుసటి ఏడాది ఇడ్లీల బండి ఆమె భర్త హఠాత్తుగా పోతే, పదకొండు రోజులూ మాలో ఎవరో ఒకరం పొద్దున్నే వాళ్ళింట్లో ఉన్నాం. పన్నెండో రోజు తర్వాత బండి తెరవడానికి ఆమెకి చేతులు రాలేదు. బ్యాంకు మేడమ్ చీర కొంగు దోపి చట్నీ రుబ్బింది. బాగా లేదు ఆ చట్నీ, ఉప్పు మరీ ఎక్కువైంది. ఎవరూ ఏమీ అనలేదు.

మా ఊళ్ళో ఏటా నేవీ వాళ్ళు మారథాన్ పెడతారు. 42 కిలోమీటర్ల నుంచి 5 కిలోమీటర్ల దాకా ఎవరి శక్తికొద్దీ వాళ్ళు. అందులో 5 కిలోమీటర్లు నేనూ అక్కా చేశాం. ఎంతసేపు పట్టిందో చెప్పను గానీ, మమ్మల్ని దాటిపోయినవాళ్ళలో ఒక ఏడేళ్ళ కుర్రాడూ, ఒక తాతగారూ ఉన్నారు. మావారు గుంపులో నిలబడి ఫొటో తీశారు. నేను కళ్ళు మూసుకున్న ఫొటో! ఆ పతకం ఇప్పుడు అత్తగారి గదిలో ఉంది. వచ్చినవాళ్ళందరికీ ఆవిడే చూపిస్తారు.

అక్క వచ్చే వేసవికి ఉద్యోగం మానేస్తోంది. తమ్ముడు ఊళ్ళో ఇల్లు కట్టాడట, ఒక గది ఆవిడకి. నలభై ఏళ్ళ తర్వాత కొండెక్కి వెళ్ళిపోతానంటోంది. ఆ మాట చెప్పింది కూడా పరుగెత్తుతూనే, రోడ్డు వైపు చూస్తూ. నేను రెండు స్తంభాల దాకా ఏమీ మాట్లాడలేదు. మూడో స్తంభం దగ్గర నడక రావాలి, ఇద్దరం నడవడం మర్చిపోయాం.

టీచరుగారికి తెలిసి, "అయితే మనమే వెళ్దాం దాని దగ్గరికి. చలికాలంలో పాడేరు బస్సెక్కుదాం. కానీ కొండ ఊళ్ళో పరుగెత్తాలంటే ఈ చదును రోడ్డు కాళ్ళు పనికిరావు" అన్నారు. అందుకని పోయిన నెల నుంచి ఆదివారాలు మమ్మల్ని కైలాసగిరి మెట్ల దారికి తీసుకెళ్తున్నారు. మొదటి వారం పావు దూరం ఎక్కి కూర్చుండిపోయాను. పోయిన వారం సగం దాకా ఎక్కాను. అక్క పైమెట్టు మీద నిలబడి, నీళ్ళ సీసా చూపిస్తూ ఊరిస్తోంది.